నల్లా రోజుల గ్రాఫు

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఒప్పుకుంటాను. కానీ తొంభైల నడుమ, చిక్కడపల్లిలో అత్తగారింట్లో ఉన్న రోజుల్లో, ఆ కోపాన్ని ఎక్కడ కుక్కి పెట్టుకున్నానో తలచుకుంటే నాకే ఆశ్చర్యం. పెళ్ళయి నాలుగేళ్ళు, కడుపు పండలేదు. ఈ రెండు సంగతులు తెలిస్తే చాలు, ఇక నా గురించి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. హిమాయత్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్నని, నా క్లాసులో లెక్కలు తప్పిన పిల్లలు అరుదని చెప్పినా, "అది సరే గాని" అని మళ్ళీ నా పొట్టకేసే చూసేవాళ్ళు.

నారాయణగూడలో ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి మా ఆయన స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. లోపలికి మాత్రం రాలేదు. వరండా నిండా నిండు గర్భిణులు కూర్చుని ఉంటే తానెక్కడ కూర్చోవాలని రోడ్డుకవతల నిలబడ్డాడు. డాక్టరమ్మ పెద్దావిడ. మాట కరుకు, చెయ్యి మెత్తన. "మీ ఆయనకు గూడ ఒక పరీక్ష రాస్త," అంది మొదటి రోజే. "ముందుగాల నాది చూడుండ్రి డాక్టరమ్మా, ఆయనది తర్వాత చూద్దం," అన్నది నేనే. ఆ మాట ఎవరూ నా చేత అనిపించలేదు. లోపమంటూ ఉంటే ఆడదానిలోనే ఉంటుందని, అంత చదువు చదివి నేనూ నమ్మాను.

ఆవిడ చెప్పిన పని వినడానికి తేలిక. "పొద్దున లేసినంక కాదు, లేవకముందే. మంచం దిగొద్దు, మాట్లాడొద్దు, గుక్కెడు నీళ్ళు గూడ తాగొద్దు. కండ్లు తెరవంగనే థర్మామీటర్ నాలుక కింద పెట్టుకొని ఐదు నిమిషాలు పండుకో. వచ్చిన నంబరు గ్రాఫు కాయితం మీద చుక్క పెట్టు. నెలసరి అయిన రోజు నుంచి మొదలుపెట్టాలె. నడుమల అండం విడుదలైతే ఒంటి వేడి సుమారు అర డిగ్రీ పెరుగుతది. పెరిగింది మళ్ళ నెలసరి దాక దిగది. ఆ మెట్టు కనపడ్డదా, నీకు అండం వస్తున్నట్టు. కనపడలేదా, మందులియ్యాలె."

గ్రాఫు అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఎవరో నాకు చేతనైన పని చెప్పారు. మొక్కులు, ఉపవాసాలు, ప్రదక్షిణలు, వీటన్నిటిలో నేను ఎప్పుడూ ఫెయిలే. చుక్కలు పెట్టడంలో ఎందుకు తప్పుతాను? స్కూలు పక్క దుకాణంలో డజను గ్రాఫు కాగితాలు కొని, అడుగున తేదీలు, పక్కన తొంభై ఏడు నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలు వేసి, బీరువాలో చీరల కింద దాచాను.

మా ఇంట్లో పొద్దు ఎలా మొదలయ్యేదో చెప్పాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. నాలుగుంబావుకు వచ్చి ఐదున్నరకు పోయేది. నీళ్ళకు జోరు లేక, అందరిలాగే మా గల్లీవాళ్ళూ నల్లాను నేల కిందికి దించుకున్నారు. నాలుగిళ్ళకు కలిపి ఒక గుంత. మూడు మెట్లు దిగి, వంగి, బిందె నింపి, చంకన పెట్టుకుని పైకెక్కి, ఇంట్లో డ్రమ్ములో పోయాలి. మాకు పద్దెనిమిది బిందెలు పడితే గానీ రెండు రోజులు గడిచేవి కావు. ఆ పని కోడలిది. నెలసరి వచ్చి నేను దూరంగా కూర్చున్న మూడు రోజులు మాత్రం బిందె ముట్టకూడదు కాబట్టి అత్తమ్మ పట్టేది. దాంతో గుంత దగ్గర అత్తమ్మ కనిపించిందంటే చాలు, ఈ నెల కూడా లేదని గల్లీకంతా తెలిసిపోయేది. నా ఒంటి సంగతి డాక్టరమ్మ కంటే ముందు పక్కింటివాళ్ళకు తెలిసేది.

"ఈ పిల్లకు నీళ్ళు పట్టుడే గాని నీళ్ళు పోసుకునుడు లేదు," అని అత్తమ్మ ఒకసారి గుంత దగ్గర అంది. కడుపుతో ఉండడాన్ని నీళ్ళోసుకోవడం అంటారు కదా, అందరూ నవ్వారు. నేనూ గుంతలో తల వంచుకుని వాళ్ళతో పాటు నవ్వాను. వాళ్ళ నవ్వు కంటే నా నవ్వు తలచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నల్లా రాని రోజు ఐదున్నరకు మెలకువ రాగానే థర్మామీటర్ పెట్టుకునేదాన్ని. నల్లా రోజు నాలుగింటికే అత్తమ్మ తలుపు కొట్టి "నల్లొచ్చే యాళ్ళయింది" అనేది. పలకాలి. పలక్కపోతే మొద్దునిద్ర అని పేరు. ఐదు నిమిషాలు నోట్లో గాజుపుల్ల పెట్టుకుని పడుకుంటే వంతు పోతుంది. అందుకని నీళ్ళన్నీ పట్టి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ మంచమెక్కి, దుప్పటి కప్పుకుని, అప్పుడు పెట్టుకునేదాన్ని. మంచం మీదే ఉన్నాను కదా, ఎవరితోనూ మాట్లాడడం లేదు కదా అనుకున్నాను. డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాలని కూడా తోచలేదు. నీళ్ళు పట్టడం ఒక పనా, చెప్పుకోవడానికి?

మూడు నెలలు తిరిగేసరికి నా దగ్గరున్న మూడు గ్రాఫులూ రంపం పళ్ళలా తయారయ్యాయి. ఒక రోజు తొంభై ఏడున్నర దగ్గర, మర్నాడు తొంభై ఎనిమిది దాటి, ఆ మర్నాడు మళ్ళీ కిందికి. డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టి మూడు కాగితాలూ చూసింది. "మెట్టు లేదమ్మా. అండం విడుదల అయితలేదు," అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కొంచెం నిమ్మళం కూడా ఉంది. రోగం ఏమిటో తెలిసింది. దానికి మందు ఉంది. మందు మింగడం నాకు చేతనవుతుంది.

నెలసరి ఐదో రోజు నుంచి ఐదు రోజుల పాటు మాత్రలు. అవి వేసుకున్న వారమంతా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చేవి. తల పగిలిపోయేది. బోర్డు మీద నేను రాసిన అంకెలే నాకు మసకమసకగా కనిపించేవి. ఎండాకాలం కావడంతో గోరుచుట్టు మీద రోకటిపోటు. "ఒంట్ల వేడి చేసింది, గింత వేడికి పిండం నిలుస్తదా," అని అత్తమ్మ బార్లీ నీళ్ళు తాగించేది, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది, నెత్తిన ఆముదం అద్దేది. డాక్టరమ్మ ఒంటి వేడి పెరగాలంటుంది, అత్తమ్మ తగ్గాలంటుంది. వాళ్ళిద్దరి నడుమ ఆముదం కారుతూ నేను. గ్రాఫు మాత్రం మారలేదు. మూడు నెలలు చూసి డాక్టరమ్మ మాత్రలు రెట్టింపు చేసింది. "పరేషాన్ కాకు, అయితది లే," అనేవాడు మా ఆయన, పేపరు చదువుకుంటూ.

అలా మాత్రల మీద ఆరో నెల నడుస్తుండగా గల్లీ మొగదల పెద్ద పైపు పగిలింది. తొమ్మిది రోజులు నల్లా రాలేదు. మధ్యాహ్నం పూట ట్యాంకర్ వస్తే దాని వెనక పరుగెత్తేవాళ్ళం. ఆ కష్టంలో పడి గ్రాఫు సంగతి పట్టించుకోలేదు, పొద్దున్నే చుక్క పెట్టి కాగితం మడిచేసేదాన్ని. నల్లా మళ్ళీ మొదలయ్యాక ఒక ఆదివారం తీసి చూస్తే, ఆ తొమ్మిది రోజుల చుక్కలూ గీత గీసినట్టు సాఫీగా ఉన్నాయి. రంపం లేదు.

వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద అత్తమ్మ నల్లా రోజులకు పెన్సిల్‌తో గీత పెట్టుకునేది. పాత నెలల కాగితాలు కూడా చింపకుండా వెనక్కి మడిచి ఉంచేది. ఆ క్యాలెండర్ తెచ్చి, తొమ్మిది గ్రాఫులనూ గచ్చు మీద పరిచి, ఒక్కో తేదీ సరిచూశాను. ఎగిరిపడిన ప్రతి చుక్కకూ ఒక పెన్సిల్ గీత ఉంది. గీత ఉండీ చుక్క ఎగరని రోజులు ఏవంటే, నేను దూరంగా కూర్చున్న మూడు రోజులు. ఆ రోజుల్లో నీళ్ళు పట్టింది అత్తమ్మ. చివరికి నల్లా రోజుల చుక్కలను వేలితో మూసుకుంటూ మిగతావే చూశాను. ప్రతి నెలా, నడిమి నుంచి, లీలగా ఒక మెట్టు. మాత్రలు మొదలుపెట్టక ముందు నెలల్లో కూడా ఉంది.

నాలుగింటికి లేచి పద్దెనిమిది బిందెలు మోస్తే ఎవరి ఒళ్ళయినా వేడెక్కుతుంది. మళ్ళీ దుప్పటి కప్పుకున్నంత మాత్రాన ఆ వేడి ఎక్కడికి పోతుంది? రోజు విడిచి రోజు లేచే చుక్కను చూసి దాని వెనక ఏముందని అడగని లెక్కల టీచర్ని నేను. నా క్లాసులో ఏ పిల్లో ఇట్లాంటి తప్పు చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని. ఆ రోజు గచ్చు మీద కూర్చుని నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆరు నెలల తలనొప్పి, ఆరు నెలల మసక, అన్నీ నల్లా నీళ్ళు మోసిన పాపానికి మింగిన మాత్రలు.

డాక్టరమ్మ అంతా విని గ్రాఫులు తన వైపు తిప్పుకుని చూసింది. "నేను గూడ అడగాల్సి ఉండె," అంది. మాత్రలు ఆపేసి, ఒక్క నెల సరిగ్గా చూడమంది. "నల్లా నీళ్ళు ఇంకెవరినన్న పట్టుకోమను. నువ్వు మంచం దిగొద్దు."

ఇంకెవరంటే ఎవరు? మా ఆయన్ని అడిగాను. "గంతమంది ఆడోళ్ళ నడుమ నేను బిందె పట్టుకొని నిలబడాల్నా?" అన్నాడు. ఆఫీసులో నలుగురి మధ్య ఫైళ్ళు మోసే మనిషికి గల్లీలో నలుగురి మధ్య బిందె బరువైంది. నేను గట్టిగా ఏదో అనబోయే లోపల వంటింట్లోంచి అత్తమ్మ వచ్చి, "నేను పడ్త. ఒక్క నెలనే కద," అంది. ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ అట్లా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. మనవడి మీద ఆశ అంత ఉందా అని మనసు కరిగింది.

ఆ నెల ఎలా గడిచిందో చెప్పడం కష్టం. నోట్లో థర్మామీటర్, చెవిలో బిందెల చప్పుడు. అత్తమ్మ మెట్టు మెట్టుకూ "అమ్మా" అనడం నాకు వినిపించేది. లేచి వెళ్ళి బిందె అందుకోవాలని కాళ్ళు లాగేవి. లేస్తే గ్రాఫు పాడవుతుంది. గడియారం చూసుకుంటూ, నోరు మూసుకుని, ముసలామె మోస్తుంటే పడుచుదాన్ని పడుకుని ఉండేదాన్ని. నాకు సిగ్గుగా ఉండేది. హాయిగా కూడా ఉండేది, దాచడం ఎందుకు.

గల్లీ దీన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది. మొదటి మూడు రోజులు అత్తమ్మను చూసి ఎప్పటిలాగే జాలిపడ్డారు. వారం దాటినా ఆవిడే పడుతుంటే ఆగి చూశారు. పది రోజులు దాటాక నాకేసి నవ్వడం మొదలుపెట్టారు. కోడలి చేత బరువులు మోయించడం లేదంటే ఇంకేముంటుంది? ఎదురింటావిడ పుల్లమామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది గిన్నెలో పెట్టి పంపింది. అత్తమ్మ ఆ గిన్నె తీసుకుంది. కాదని చెప్పలేదు. "చెప్పరాదు అత్తమ్మా," అంటే, "వాళ్ళ నోరు వాళ్ళిష్టం," అంది. ఆ నాలుగు రోజులైనా నలుగురిలో తలెత్తుకు నిలబడాలని ఉందేమో అనుకున్నాను.

పదహారో రోజున చుక్క పైకి లేచింది. మర్నాడు అక్కడే ఉంది. ఆ మర్నాడూ అక్కడే. నల్లా వచ్చినా రాకపోయినా పదమూడు రోజులు ఆ ఎత్తునే నడిచి, పద్నాలుగో రోజు దిగింది. మధ్యాహ్నం స్కూల్లో నెలసరి వచ్చింది. ఆ నెల కూడా లేదు. అయినా బాత్‌రూంలో నిలబడి నేను నవ్వుకున్నాను.

"పుస్తకంల బొమ్మ లెక్కనే ఉన్నది," అంది డాక్టరమ్మ. "నీల ఏ లోపం నాకు కనపడుత లేదు. ఇగ మీ ఆయనను తోల్కరా." చీటీ రాసిచ్చింది.

ఇంటికి రాగానే అత్తమ్మ ఎదురొచ్చి "ఏమన్నది?" అంది. కాగితం చూపించి, మెట్టు మీద వేలు పెట్టి, ఐదో తరగతి పిల్లకు చెప్పినట్టు అంతా వివరించాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ గడప మీద కూలబడింది. "ఇగ వాన్ని రమ్మన్నదా?" "రమ్మన్నది." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వాన్ని తోల్కపోకు బిడ్డా. నల్లా నీళ్ళు నేనే పడ్త. నా పానమున్నన్ని రోజులు నేనే పడ్త. నిన్ను ఒక్క బిందె ముట్టనియ్య. వాన్ని మాత్రం ఆ దవాఖానకు తోల్కపోకు."

కొడుకు పరువు కోసం అడుగుతోంది అనుకున్నాను. అంతకంటే లోతుకు నా బుద్ధి పోలేదు. ముసలామె కళ్ళలో నీళ్ళు చూసి ఆ చీటీని స్కూలు పుస్తకంలో పెట్టేశాను. నాలో లోపం లేదని ఆవిడకు తెలిసింది, నా ఎదుటైనా ఇక ఆ మాట అనదు, అది చాలు అనుకున్నాను.

అన్నట్టే నల్లా నీళ్ళు ఆవిడే పడుతూ వచ్చింది. పదిహేను రోజులకు అడిక్‌మెట్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో తొట్టెల వేడుక. ఆమెకు రెండో బిడ్డ, ఆడపిల్ల. మామూలుగా అయితే నన్ను అట్లాంటి చోట్ల వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆ రోజు చాప మధ్యకు పిలిచారు. మా గల్లీ కబురు అక్కడికి మా కంటే ముందే చేరింది. ఆడబిడ్డ అత్తగారి వైపు ముసలమ్మ ఒకావిడ బిడ్డను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పెట్టి, "పట్టుకో బిడ్డా. నీళ్ళోసుకున్నదానివి, నీ చెయ్యి తగిలితే మంచిది," అంది. బిడ్డ వెచ్చగా, పాల వాసన వేస్తూ ఉంది. నేను అత్తమ్మ వైపు చూశాను.

"లేదు పెద్దమ్మా, గట్లేం లేదు," అంది అత్తమ్మ.

"మరి మీ గల్లిల అందరు గట్లనే అనబట్టిరి?"

"లేదు."

ముసలమ్మ వంగి బిడ్డను నా ఒళ్ళోంచి తీసేసుకుంది. పెట్టినప్పటి కంటే తీసినప్పుడు ఆ చేతులు తొందరపడ్డాయి. తీసుకుని, ఇరవైమంది ఆడవాళ్ళ మధ్యలో అడిగింది: "నాలుగైదేండ్లాయె. ఎవరిల ఉన్నదట లోపం?"

"మా దాన్లనే," అంది అత్తమ్మ, ఒక్క క్షణం కూడా ఆగకుండా. "డాక్టరమ్మ గూడ చెప్పింది."

ఇన్నేళ్ళు కుక్కి పెట్టుకున్నది అప్పుడు బయటికొచ్చింది. లేచి నిలబడ్డాను. "అబద్ధం. నాల ఏ లోపం లేదని చెప్పింది డాక్టరమ్మ. ఆయనను పరీక్షకు తోల్కరమ్మన్నది. తోల్కపోవద్దని నా చెయ్యి పట్టుకొని ఏడ్సింది గీ అత్తమ్మనే. ఏం అత్తమ్మా, అవునా కాదా?" నా గొంతు నాకే క్లాసురూంలో గొంతులా వినిపించింది. గుమ్మంలో విస్తళ్ళ కట్ట పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు. అతను ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు.

భోజనం చేయకుండానే ఆటో ఎక్కాం. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నా ఒకరికొకరు తగలకుండా ఒదిగాం. ఇంట్లో చెప్పులు విప్పుతూ మా ఆయన తల్లిని అడిగాడు. "అమ్మా, నాకు గవదలు లేసినప్పుడు డాక్టర్ ఏమన్నడు?"

గవదబిళ్ళల సంగతి నేను వినడం అదే మొదటిసారి. పదిహేడో ఏట వచ్చాయట. చెంపల వాపు తగ్గాక కిందికి, వృషణాలకు దిగిందట. పదిహేను రోజులు నడవలేకపోయాడట.

"బతుకుడే ఎక్కువ అన్నడు," అంది అత్తమ్మ. "పెండ్లి చేయుండ్రి గాని పిల్లల సంగతి దేవునికెరుక అన్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తుంటివి కొడుకా? పెండ్లి వద్దంటుంటివి." తర్వాత నా వైపు తిరిగింది. "నీల లోపముంటే మందులున్నయ్ బిడ్డా. మాత్రలున్నయ్, సూదులున్నయ్, ఆపరేషన్లున్నయ్. వానిల ఉంటే ఏమున్నది? అందుకే నీలనే ఉండాలె అని మొక్కిన. రోజు మొక్కిన. నీ మీద కోపంతోటి కాదు."

అత్తా ఒకింటి కోడలే అంటారు. ఆవిడా ఒకప్పుడు బిందెలు మోసిన కోడలే, నాకు లోపం ఉండాలని దీపం పెట్టి మరీ కోరుకుంది. నేనేం తిట్టానో ఇక్కడ రాయలేను. ఇన్నేళ్ళ తిట్లు ఒక్క మధ్యాహ్నంలో తిట్టాను. మర్నాడు నల్లా రోజు. తెల్లవారుజామున ఎప్పటిలా బిందెల చప్పుడు వినిపిస్తే నేను లేచి వెళ్ళి ఆవిడ చేతిలో బిందె లాక్కున్నాను. ఆవిడ మోస్తే చూడలేకపోవడం ఒకటి, ఆవిడ మోసిన నీళ్ళు తాగలేకపోవడం ఒకటి.

వారం రోజులు ముగ్గురం వేర్వేరు వేళల్లో తిన్నాం. ఆ వారం చివర మా ఆయనే "రేపు పోదం," అన్నాడు. అశోక్‌నగర్‌లో ఒక చిన్న ల్యాబు. కింద జిరాక్స్ దుకాణం, పక్కన హాస్టల్. పొద్దున చిన్న సీసా పట్టుకుని ఒక గదిలోకి వెళ్ళి వచ్చాడు. నా కళ్ళలోకి చూడలేదు. సాయంత్రం రిపోర్టు కోసం మళ్ళీ వెళ్ళి బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందోనని మాట్లాడుకుంటూ మెట్లెక్కి పోతున్నారు. మా ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా కూర్చున్నాడు. ఆ చేతులు చూసేసరికి నా కోపమంతా ఎటో పోయింది.

అప్పుడు నేను ఒక పని చేశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కళ్ళు మూసుకుని దేవుడికి మొక్కుకున్నాను. ఈయనది బాగుండాలి, లోపం నాలోనే ఉండాలి, డాక్టరమ్మ గ్రాఫు సరిగ్గా చూడలేదని తేలాలి, మళ్ళీ మాత్రలు మింగుతాను, కళ్ళు మసకలైనా సరే అని. ఏ మొక్కుకు ఆ ముసలిదాన్ని అన్ని తిట్లు తిట్టానో, అక్షరం పొల్లుపోకుండా అదే మొక్కు. మొక్కుకున్నాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

రిపోర్టు కవరు మా ఆయన విప్పలేదు. "నువ్వే చూడు," అని నా చేతికిచ్చాడు. చాలా వరసలున్నాయి. లెక్క ఉండాల్సిన చోట అంకె లేదు, నిల్ అని టైపు చేసి ఉంది. మర్నాడు డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది. "తక్కువుంటే పెంచనీకి చూస్తం. బొంబాయిల, మద్రాసుల కొత్త పద్ధతులేవో వస్తున్నయంటరు గాని, విత్తనమే లేకుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తరు?" వరండాలో ఆడవాళ్ళ మధ్య మా ఆయన ఆ రోజు మొదటిసారి కూర్చున్నాడు. ఎవరి బిడ్డనైనా తెచ్చి పెంచుకోవడం గురించి తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. మాటల దగ్గరే ఆగిపోయాం.

నాలో లోపం లేదని తేలడానికి ఏడాది పట్టింది. తేలాక తెలిసింది, ఆ లోపం ఒక్కటే మాకున్న ఆశ అని. అది నాలో ఉన్నన్నాళ్ళూ మందు ఉంది, వచ్చే నెల ఉంది. ఆ తర్వాత కొన్ని నెలలు, ఎవరూ చెప్పకపోయినా, థర్మామీటర్ పెట్టుకున్నాను. పదహారో రోజున ఒళ్ళు వెచ్చబడేది, పదమూడు రోజులు ఎదురుచూసి చల్లబడేది. ఇక ఎదురుచూడొద్దని ఒంటికి ఎవరూ చెప్పలేదు మరి.

డాక్టరమ్మ ఆ మాట చెప్పిన మర్నాడు స్కూలుకెళ్ళాను. కొత్తగా చేరిన పిల్ల తల్లి ఒకావిడ స్టాఫ్‌రూం గుమ్మంలో ఆపి, "మీకు పిల్లలెంతమంది టీచర్?" అని అడిగింది. అప్పటిదాకా ఎవరడిగినా నా జవాబు ఒకటే: "ఇంకా లేరండి." ఆవేళ "లేరండి" అన్నాను. "ఇంకా" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.